పళ్ల డాక్టరు గారి మూడు ఖాతాలు

పళ్ల డాక్టరు బాబాయికి ఎదుటి మనిషి పేరు, వయసు, ఏ పన్ను నొప్పిగా ఉంది అన్నవన్నీ తర్వాతి సంగతులు. ముందుగా తేలాల్సింది ఒక్కటే. ఆ మనిషి ఏ యాప్‌లో రాస్తాడు? ఫోనులో నాలుగు ముక్కలు రాసి లోకం మీదికి వదిలే యాప్‌లు మూడున్నాయి, పలుకు, అరుగు, గూడు అని. వాటిలో దేంట్లో ఉన్నారు, అందులోనే ఎందుకున్నారు, మిగతా రెండూ ఏం పాపం చేశాయి? ఇది తేలేదాకా ఆయన చెయ్యి పట్టకారు మీదికి పోదు. తేలాక, మీరున్నది తప్పు యాప్ అని రుజువు చేసేదాకా ఆ పట్టకారు మీ నోటి దాకా రాదు.

ఇందులో ఘోరం ఏమిటంటే, ఈ చర్చ జరిగేటప్పుడు అవతలి మనిషి కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉంటాడు. నోరు బార్లా తెరిచి ఉంటుంది. అందులో ఓ అద్దం, రెండు దూది ఉండలు, ఉమ్మి లాగే గొట్టం కాపురం ఉంటాయి.

"దేంట్లో ఉన్నారు?"

"ఆ... ఊ..."

"పలుకా! మీ పలువరస చూసినప్పుడే అనుకున్నా. ఏం చూసి చేరారండీ అందులో?"

"ఆ ఊ ఆ!"

"అందరూ ఉన్నారనా? అందరూ ఉన్నచోట మిమ్మల్ని పట్టించుకునేదెవరు? చెప్పండి, జవాబు చెప్పండి! చూశారా, చెప్పలేకపోతున్నారు!"

ఇలా ఆయన ఎన్ని వాదనలు గెలిచారో లెక్కలేదు. ఓడిన సందర్భం ఒక్కటే. ఒక బ్యాంకు క్యాషియరు నోట్లో దూది పెట్టకముందే, "నేను అసలు ఏ యాప్‌లోనూ లేనండీ" అనేశాడు. బాబాయి అద్దం పక్కన పెట్టి, స్టూలు మీద కూలబడి, చాలాసేపు ఆయన్ని జాలిగా చూశారు. నోట్లో ఒక్క పన్నూ లేని వాళ్లని కూడా ఆయన అంత జాలిగా చూడరు.

ఈ గోలంతా ముందు గదిలో కూర్చుని వినే మనిషి అమ్మడు. బాబాయికి సొంత అన్నగారి కూతురు. ఫోన్లు ఎత్తడం, అపాయింటుమెంట్లు ఇవ్వడం, లోపలి నుంచి వాదన వినపడ్డప్పుడు బయట కూర్చున్నవాళ్లకి ధైర్యం చెప్పడం ఆమె పనులు. "ఇంకెంతసేపమ్మా?" అని ఎవరైనా అడిగితే ఆమె తలుపు వైపు చెవి పెట్టి, "పలుకు అయింది, అరుగులో ఉన్నారు. గూడు అవ్వగానే పిలుస్తారు" అని చెప్పేది. బాబాయికీ పిన్నికీ పిల్లల్లేరు. ఉండి ఉంటే పేరు పెట్టకముందే వాళ్లకి ఖాతా తెరిచేవారని పిన్ని అంటుంది.

బాబాయి సిద్ధాంతాలు అమ్మడికి కంఠతా వచ్చు. పలుకు రద్దీ బస్సు. ఎక్కడం తేలికే, ఎక్కాక ఊపిరాడదు. పైగా ఏ కిటికీలోంచి ఏం చూడాలో డ్రైవరే నిర్ణయిస్తాడు. సొంత పిన్ని పోస్టు పెడితే కనపడి చావదు గానీ, ముక్కూమొహం తెలియనివాడు ఇంకెవణ్నో తిట్టిన తిట్టు మాత్రం పొద్దున్నే కళ్లముందుంటుంది. అరుగు ఎవడి సొత్తూ కాదు. ఎవరి అరుగు వాళ్లే ఊడ్చుకోవాలి. రాసింది రాసిన వరసలోనే కనపడుతుంది. కాకపోతే చేరేముందే ఏ అరుగు మీద కూర్చుంటారో తేల్చుకోవాలి, అది తేలేసరికి చెప్పదలుచుకున్న మాట మరిచిపోతారు. ఇక గూడు. అక్షరాలు పెద్దవి, ప్రకటనల్లేవు, గొడవల్లేవు. మనుషులూ లేరు.

ఈ కొలబద్ద ఆయన యాప్‌లకే పరిమితం చేస్తే బావుండేది. పిన్నితో ఫ్రిజ్ కొనడానికి వెళ్లి, దుకాణంవాణ్ని నిలదీశారు. "రేపు మేం వేరే ఫ్రిజ్‌కి మారదలుచుకుంటే, ఇందులో ఉన్నవన్నీ మాతో తీసుకుపోనిస్తారా?"

"ఏవండీ, ఇందులో ఉండేవి కూరగాయలు!" అంది పిన్ని.

"ఈరోజు కూరగాయలు. రేపు?"

దుకాణంవాడు ఆ మాట మీద బాగా ఆలోచనలో పడ్డాడు గానీ ఫ్రిజ్ మాత్రం అమ్మలేకపోయాడు.

ఏడాదిలో ఓ పదిసార్లు బాబాయి పలుకును శాశ్వతంగా వదిలేస్తున్నట్టు ప్రకటించేవారు. విలువలు, ఆత్మగౌరవం వంటి మాటలు వాడి గంభీరంగా సెలవు పుచ్చుకునేవారు. ఆ ప్రకటనకి జవాబులేమొచ్చాయో చూడటానికి మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చేవారు. నిజానికి ఆయన దేన్నీ వదల్లేదు. మూడింట్లోనూ ఖాతాలున్నాయి. మూడింట్లోనూ పొద్దున్నే ఒకటే పోస్టు పెట్టేవారు.

"పళ్లు తోముకున్నారా?"

అంతే. వానొచ్చినా, వరదొచ్చినా, ఒంట్లో జ్వరమున్నా ఆ పోస్టు తప్పేది కాదు. పలుకులో కుర్రకారు దాన్ని పట్టుకుని ఏడిపించేవారు. 'తోముకున్నాం సార్, హోంవర్కు చూపించమంటారా?' అని ఒకడు. 'మా కుక్క తోముకోనంటోంది, మీరే చెప్పండి' అని ఇంకొకడు. బాబాయి ఓపిగ్గా కుక్కకి కూడా జవాబు రాసేవారు. తర్వాత మూడు యాప్‌లూ మార్చి మార్చి చూస్తూ ముందు గదిలో పచార్లు చేసేవారు. ఆ సమయంలో ఫోను ఎవరు లాక్కున్నా కరిచేలా ఉండేవారు.

ఒకసారైతే ఇంకో అడుగు ముందుకేశారు. అదే బ్యాంకు క్యాషియరుకి మత్తు సూది పొడిచి, దవడ మొద్దుబారేలోగా ఫోను చూసుకుని, ఒక్కసారిగా లేచారు.

"అమ్మడూ! నేను అర్జెంటుగా వెళ్లాలి. గూడులో ఒకావిడ జవాబివ్వలేదు!"

"లోపల పేషెంటున్నాడు బాబాయ్!"

"ఆయన ఎక్కడికి పోతాడు? ఆయన ఏ యాప్‌లోనూ లేడు!"

కోటు కూడా విప్పకుండా, చేతిలో పట్టకారుతోనే రోడ్డు మీద పరుగెత్తారు. సగం దవడ మాత్రమే ఆయన మాట వింటున్న క్యాషియరు ఏదో తిట్టబోయాడు గానీ అది తిట్టుగా బయటికి రాలేదు. గంట తర్వాత కోటుకి మట్టి అంటించుకుని తిరిగొచ్చిన బాబాయిని ఏమైందని అడిగితే, "ఏం లేదు, మాట్లాడి వచ్చా" అన్నారు. జవాబివ్వలేదని మనిషి ఇంటికెళ్లి పోట్లాడొచ్చే స్థితికి బాబాయి చేరుకున్నారని అమ్మడు నిర్ధారించుకుంది.

అసలు గొడవ క్లినిక్ వేళలు మార్చినప్పుడు మొదలైంది. కొత్త వేళలు బాబాయి ముందుగా పలుకులో పెట్టారు. పెట్టగానే ఎవడో వాటి మీద వాదనకి దిగాడు. బాబాయి ఆ వాదనలో పడి, మిగతా రెండింట్లో పెట్టడం మరిచిపోయారు. అరుగులో పాత వేళలు అలాగే ఉన్నాయి. గూడులో అంతకంటే పాతవి. ఓ ఉదయం ముగ్గురు పేషెంట్లు ముగ్గురూ నేనే ముందంటే నేనే ముందంటూ, ఫోన్లు ఎత్తి చూపిస్తూ, ముందు గదిలో కలబడ్డారు. బుగ్గ వాచిన బేకరీ యజమాని అందరికంటే పెద్దగా అరుస్తున్నాడు.

"మా అరుగులో పదింటికని ఉంది!"

"మీ అరుగుని ఎవడు చూస్తాడయ్యా?"

బాబాయి తలుపు తీసుకుని వచ్చారు. ముగ్గురినీ శాంతింపజేస్తారని అమ్మడు ఆశపడింది. ఆయన మొహం వెలిగిపోయింది. స్టూలు లాక్కుని మధ్యలో కూర్చుని, "మంచి చర్చ. ఒక్కొక్కరే చెప్పండి. ముందు అరుగు" అన్నారు.

బేకరీ యజమాని బుగ్గ పట్టుకుని, ఎదురుగా కొత్తగా తెరిచిన అద్దాల క్లినిక్‌లోకి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లిన దారినే ఇంకొందరు వెళ్లారు. అంతటితో ఆగలేదు. అద్దాల క్లినిక్ వాళ్లు అమ్మడికే కబురు పెట్టారు, మా దగ్గర మేనేజరుగా చేరమని. ఆమెకి కోపం, దిగులు రెండూ ముంచుకొచ్చాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్న క్లినిక్ ఇది. కళ్లముందే ఖాళీ అవుతోంది, అదీ ఫోనులో కబుర్ల వల్ల!

సాయంత్రం ఆమె బాబాయిని అదే పేషెంట్ల కుర్చీలో కూర్చోబెట్టి కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది.

"ఒక్కటి ఉంచుకో బాబాయ్. మిగతా రెండూ మూసెయ్. లేదంటే నేను ఎదురు క్లినిక్‌కి పోతాను."

"వాళ్లు దేంట్లో ఉన్నారు?"

"బాబాయ్!"

"సరే సరే. పోల్చి చూద్దాం. న్యాయంగా మార్కులేద్దాం."

వేశారు. వాడే తేలిక, గోప్యత, మర్యాద, వెళ్లిపోతే సామాను తీసుకుపోయే సౌకర్యం, అన్నీ పరిశీలించారు. మర్యాద దగ్గర పలుకుకి సున్నా వేసి, అది చాలదని దాని కింద గీత కూడా గీశారు. అయినా పేషెంట్లలో ఎక్కువమంది అందులోనే ఉన్నారు కాబట్టి చివరికి పలుకే గెలిచింది. బాబాయి ఓడిపోయిన అభ్యర్థిలా మొహం పెట్టి, "క్లినిక్ సంగతులు ఇకనుంచి పలుకులోనే. ఒప్పుకున్నా. కానీ మిగతా రెండింటి జోలికి రాకు" అన్నారు.

"అందులో ఎవరున్నారని? గూడులో నిన్ను చూసేది ముగ్గురో నలుగురో!"

"అందుకేనమ్మా" అని ఊరుకున్నారు.

ఆ 'అందుకే'కి అర్థం అమ్మడికి తోచలేదు. తాగుబోతు చేతిలోంచి సీసా లాగేసినట్టు, ఎవరో ఒకరు లాగేస్తే గానీ ఈయనకి ఈ పిచ్చి వదలదనుకుంది. మర్నాడు బాబాయి పొరుగూరిలో దంతవైద్యుల సభ ఉందని సాయంత్రం రైలెక్కారు. క్లినిక్ కంప్యూటర్లో ఆయన ఖాతాలు మూడూ తెరిచే ఉన్నాయి. అమ్మడు గూడు ఖాతా మూసేసింది. అరుగు ఖాతా కూడా మూసేసింది. 'నిజంగానే వెళ్లిపోతున్నారా?' అని రెండూ దీనంగా అడిగాయి. నిజంగానే అని నొక్కి, దీపాలార్పి, హాయిగా ఇంటికెళ్లింది.

పొద్దున్న ఆమె క్లినిక్ తలుపు తీసేసరికి మెట్ల మీద ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఇంట్లో వేసుకునే చెప్పులు. ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో పేస్టు వేసిన బ్రష్. ఎప్పుడో కట్టుడు పళ్లు చేయించుకోవడానికి వచ్చిన, రిటైరైన కోర్టు టైపిస్టు గారని అమ్మడు గుర్తుపట్టింది.

"డాక్టరు ఎప్పుడు పోయారు?" అంది టైపిస్టు గారు.

"నిన్న సాయంత్రం వెళ్లారండీ."

"అయ్యో! ఎలా పోయారు?"

"రైల్లో."

టైపిస్టు గారు గుండె మీద చెయ్యి వేసుకుని, మెట్టు మీదే కూర్చుని, ఊపిరి పీల్చుకుని, తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. "ఊరెళితే చెప్పి వెళ్లాలని తెలీదా? గూడులో చూస్తే మనిషే లేడు! ఖాతా కూడా లేదు! ఇవాళ నన్ను ఎవరూ అడగలేదు, నేను పళ్లు తోముకోలేదు!"

"మీవి కట్టుడు పళ్లు కదండీ?"

"అయితే తోమొద్దా? నీకు సొంత పళ్లున్నాయని గర్వమా?" అని డబ్బా మూత తీసి చూపించింది. పళ్లు అందులో సిద్ధంగా ఉన్నాయి.

అమ్మడు ఆవిణ్ని లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చిందో లేదో, రొప్పుకుంటూ ఒక బక్కపలుచటి పెద్దాయన వచ్చారు. చుబుకం మీద పేస్టు ఎండిపోయి ఉంది. "డాక్టరు క్షేమమేనా?" అన్నారు. ఆయన వయొలిన్ మాస్టారట. అరుగులో ఉంటారట. మోగిన ప్రతిసారీ అపశ్రుతి పలుకుతోందని తన ఫోను నోరు నొక్కేసి ఏళ్లయిందట, అందుకని ఎవరు ఫోను చేసినా ఆయనకి తెలియదు.

"ఒక్కమాట," అంది అమ్మడు. "పళ్లు తోముకోవడానికి మీకు మా బాబాయి చెప్పాలా?"

టైపిస్టు గారు ఆమెని ఎగాదిగా చూసింది. "పళ్ల కోసమనుకున్నావా అమ్మాయ్? నేను ఒక్కదాన్నే ఉంటాను. ఈ మాస్టారూ అంతే అనుకుంటా. పొద్దున్నే ఆయన అడుగుతాడు, తోముకున్నానని రాస్తాను. రాశానంటే లేచానన్నమాట. పోయిన వానాకాలం స్నానాలగదిలో జారిపడి, లేవలేక, జవాబు రాయలేదు. అరగంటలో వచ్చాడు. పెరటి తలుపు గడియ దేంతో ఊడబెరికాడో తెలుసా? పళ్లు పీకే పట్టకారుతో! ఆ గడియ మళ్లీ బిగించలేదు ఇప్పటిదాకా, అది వేరే సంగతి."

సగం మొద్దుబారిన దవడతో క్యాషియరు, మట్టి అంటిన కోటు, 'మాట్లాడి వచ్చా' అన్న బాబాయి, అన్నీ అమ్మడి కళ్లముందు తిరిగాయి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తను మూసేసింది కబుర్ల దుకాణం కాదు. ఇద్దరు మనుషుల గుమ్మం.

అప్పుడే ఫోను మోగింది. బాబాయి. కోపం కాదు, గొంతులో గాభరా.

"అమ్మడూ, గూడూ అరుగూ నన్ను లోపలికి రానివ్వడం లేదు. ఆ సంగతి తర్వాత చూద్దాం. టైపిస్టు గారు ఫోను ఎత్తడం లేదు. మాస్టారు ఎలాగూ ఎత్తరు. నువ్వు వెంటనే ఆటో ఎక్కి..."

"ఇద్దరూ ఇక్కడే ఉన్నారు బాబాయ్. వాష్ బేసిన్ దగ్గర. మాస్టారు చుబుకం కడుక్కుంటున్నారు, టైపిస్టు గారు పళ్లు తోముతున్నారు. చేతిలో పెట్టుకుని."

అవతల పెద్ద నిట్టూర్పు వినపడింది. "హమ్మయ్య. బస్సు డ్రైవరు పలుకులో రాశాడు, తోముకున్నానని. అందరూ అయ్యారు."

"ఇంకా డ్రైవరు కూడానా?"

"రిటైరయ్యాడు. రద్దీ లేకపోతే వాడికి తోచదు. పలుకు తప్ప ఇంకోటి పనికిరాదంటాడు. మాస్టారికేమో చప్పుడు పడదు, అరుగు తప్ప వద్దంటారు. టైపిస్టు గారి చెల్లెలు పోయేముందు రాసుకున్నవన్నీ గూడులో ఉన్నాయి. ఆవిడ రోజూ అవి చదువుకుంటుంది. ఎలా కదులుతుంది చెప్పు?"

అమ్మడు కళ్లు తుడుచుకుంది. "మరి అందరికీ అది మంచిది, ఇది మంచిదని ఊదరగొడతావు?"

"అందర్నీ ఒక్కచోట చేరిస్తే పొద్దున్నే నాకు సుఖంగా ఉంటుందని! ఇన్నేళ్లుగా వాదిస్తున్నాను, ఒక్కళ్లూ కదల్లేదు. మార్కులేసి ఎవరూ చేరరమ్మా. ఎవరో ఒకళ్లుంటారు, అందుకు చేరతారు. అందుకే నేనే మూడింట్లోనూ ఉంటున్నాను."

"ఈ మాట నాకు ముందే చెప్పొచ్చు కదా?"

"చెబితే నలుగురికీ తెలుస్తుంది. ఒంటరివాళ్ల హాజరు అని పేరు పడుతుంది. అప్పుడు టైపిస్టు గారు జవాబిస్తుందా? ఆవిడ సంగతి నీకు తెలీదు. పళ్ల డాక్టరు పళ్ల గురించి అడిగితే ఎవరికీ నామోషీ ఉండదు."

అమ్మడు గుండె దిటవు చేసుకుని నిజం చెప్పేసింది. ఖాతాలు మూసింది తనేనని. బాబాయి, "గూడుకి ఫర్వాలేదు, బతిమాలితే తిరిగిస్తుంది. అరుగే చిక్కు. పోతే పోయినట్టే. దానికి యజమాని లేడుగా, ఎవరి కాళ్లు పట్టుకుంటాం?" అన్నారు. యజమాని లేకపోవడం కూడా అరుగుకి ఒక లోపమేనని జీవితంలో మొట్టమొదటిసారి బాబాయి ఒప్పుకున్నారు.

ఎదురు క్లినిక్ వాళ్లు పదింటికి ఫోను చేశారు. రానంది అమ్మడు. అక్కడ ఏముందని ఉంటారని అడిగారు. "ఇక్కడ పేషెంట్లు ఇంటినుంచే బ్రష్ తెచ్చుకుంటారండీ" అని పెట్టేసింది. క్లినిక్ వేళలు పెద్ద అక్షరాలతో రాసి తలుపుకి అంటించింది. గూడుని బతిమాలింది. అది తిరిగిచ్చింది. టైపిస్టు గారు తన ఫోను ఇంట్లో మరిచొచ్చింది కాబట్టి అమ్మడి ఫోనులో చూసి నిర్ధారించుకుని, పళ్లు పెట్టుకుని, మొదటిసారి నవ్వింది.

మిగిలింది అరుగు. అమ్మడు కూర్చుని అందులో తన పేరు మీద కొత్త ఖాతా తెరిచింది. ఏ అరుగు మీద కూర్చుంటారని అది అడిగింది. మాస్టారు ఉన్న అరుగు మీద అంది. వెతికి, ఆయన్ని పట్టుకుని, 'మాస్టారూ, రేపట్నుంచి పొద్దున్నే నేను అడుగుతాను' అని రాసింది.

మాస్టారు ఆమెకి రెండు బారల దూరంలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. తల ఎత్తి ఒక మాట అంటే సరిపోయేది. ఆయన అలా చేసే మనిషి కాదు. ఫోను తీసి, కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివి, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ జవాబు కొట్టడం మొదలుపెట్టారు. టైపిస్టు గారికి ఆ వేగం చూసి ఒళ్లు మండిపోయింది. "ఇలా ఇవ్వండి, నేను కొట్టిపెడతాను" అంది. మాస్టారు ఇవ్వలేదు. చివరికి అమ్మడి ఫోనులో జవాబొచ్చింది.

'ఎవరు మీరు?'

టైపిస్టు గారు పళ్లు ఊడిపడేలా నవ్వింది. అమ్మడు నవ్వలేదు. 'డాక్టరు గారి అన్న కూతుర్ని' అని రాయబోయి, చెరిపేసి, మళ్లీ రాసింది.

'పళ్ల డాక్టరు గారి అమ్మాయిని.'

మాస్టారు అది రెండుసార్లు చదువుకున్నారు. తలెత్తి ఆమె వైపు ఒకసారి పరీక్షగా చూశారు. మళ్లీ ఫోనులోకే దిగి, నిదానంగా, 'అయితే సరే, ఉండమ్మా' అని రాశారు.